జపనీస్‌లో ‘వ’ ఎక్కడ, ‘గ’ ఎక్కడ? ‘అంటారా’ పెట్టి చూడండి

శని, ఆదివారాల్లో నా దగ్గరికి జపనీస్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు మూడో వారం దాటగానే ఒకటే అడుగుతారు: “ఇక్కడ ‘వ’ పెట్టాలా, ‘గ’ పెట్టాలా?” జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు ఎన్5 పాసై, తర్వాతి మెట్టు ఎన్4 కి చదువుతున్నవాళ్ళూ అదే అడుగుతారు. “రెండూ కర్త పక్కనే వస్తాయి కదండీ, తేడా ఏంటి?” అని. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టి గొంతు పోయింది. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నా.

ముందే ఒక మాట. ‘గ’ కర్తకి గుర్తు. ‘వ’ కర్తకి గుర్తు కాదు, ఈ వాక్యం దేని గురించో చెప్పే గుర్తు. చాలాసార్లు ఆ రెండూ ఒకే మనిషి అవుతారు కాబట్టి తికమక. ఇంగ్లీషు పుస్తకంలో చదివితే ఇదో పెద్ద కొండలా కనిపిస్తుంది. మనకి అంత టెన్షన్ అక్కర్లేదు. “ధర అంటారా, మాట్లాడుకుందాం”, “పెద్దోడి సంగతికొస్తే”, “నేనైతే రాను”, “చిన్నదేమో ఇంకా స్కూల్లోనే ఉంది”. ఇవన్నీ రోజూ అనేవే. ‘వ’ చేసేదీ ఆ పనే. మనం అవసరమైతేనే ఆ మాట బయటికి అంటాం, లేకపోతే గొంతుతో సరిపెడతాం. జపనీస్‌లో దానికి ఒక అక్షరం ఉంది, అంతే.

కావలసినవి

• హిరగన (జపనీస్‌లో మొదట నేర్పే అక్షరాలు) చదవడం, రాయడం వచ్చి ఉండాలి.
• మీరు సొంతంగా రాసిన పది జపనీస్ వాక్యాలు. పుస్తకంలోవి వద్దు. తప్పులుంటే ఇంకా మంచిది.
• రెండు రంగుల పెన్నులు.
• గట్టిగా చదువుకోవడానికి ఒక గది. ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు, పట్టించుకోకండి.

రాత విషయంలో రెండు జాగ్రత్తలు. ఈ ‘వ’ని పలకడం ‘వ’ అనే, కానీ రాసేది ‘హ’ అక్షరం. 1946లో జపాన్‌లో స్పెల్లింగులు సంస్కరించినప్పుడు కూడా దీన్ని పాత పద్ధతిలోనే ఉంచేశారు. రెండోది, ‘గ’ని పొట్టిగా అనండి. మన ‘మెల్లగా’, ‘బాగా’లో ‘గా’ లాగా సాగదీస్తే వినేవాళ్ళకి ఇబ్బంది. కింద ఉదాహరణలు అక్షరం అక్షరం రాశాను. పలికేటప్పుడు ‘దెసు’ని ‘దెస్’ అని, ‘కిమషిత’ని ‘కిమష్త’ అని అనండి.

1. వాక్యం ఏ ప్రశ్నకి జవాబో పక్కన రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. “రవి వచ్చాడు” అన్న వాక్యం తీసుకోండి. “ఎవరొచ్చారు?” అని అడిగినా ఇదే జవాబు. “రవి రాలేదా?” అని అడిగినా ఇదే జవాబు. తెలుగులో మాటలు మారవు, నొక్కు మారుతుంది. మొదటిదానికి ‘రవి’ మీద నొక్కుతాం, రెండోదానికి ‘వచ్చాడు’ మీద. జపనీస్‌లో మొదటిది “రవి గ కిమషిత”, రెండోది “రవి వ కిమషిత”.

కాబట్టి మీ పది వాక్యాల పక్కనా పది ప్రశ్నలు తెలుగులో రాయండి. ప్రశ్న తట్టకపోతే ఆ వాక్యాన్ని పక్కన పెట్టండి. ఏ సందర్భమో తెలియని వాక్యానికి ‘వ’నా ‘గ’నా అని నన్ను అడిగినా చెప్పలేను.

2. ‘అంటారా’ పెట్టి చదవండి

‘వ’నా ‘గ’నా అని అనుమానమున్న మాట తర్వాత ‘అంటారా’ చేర్చి, కొంచెం ఆగి, మిగతాది చదవండి. “రవి అంటారా... వచ్చాడు.” రవి గురించి మాట నడుస్తుంటే ఇది చక్కగా కుదురుతుంది. అప్పుడు ‘వ’. ఎవరో “తలుపు కొట్టిందెవరు?” అని అడిగితే “రవి అంటారా...” అని మొదలుపెట్టగలరా? పెట్టలేరు. అప్పుడు ‘గ’.

‘అంటారా’ నప్పకపోతే ‘సంగతికొస్తే’ పెట్టి చూడండి. ‘అయితే’తో కూడా పని జరుగుతుంది గానీ, దానికో చిక్కు ఉంది. అది ఏడో మెట్టులో.

‘వ’ పెట్టిన మాటే పని చేస్తున్నట్టు అనుకోవద్దు. హోటల్లో ఆర్డర్ రాసుకోవడానికి వచ్చినప్పుడు “నేను మసాలా దోశ, వీడు పూరీ” అంటాం. మనం దోశ అయిపోలేదు కదా. జపాన్‌లో అదే చోట “బొకు వ ఉనగి ద” అంటారు. ఉనగి అంటే పాములా పొడుగ్గా ఉండే ఓ చేప. “నేను చేపని” అని అనువదించిన స్టూడెంట్లు నాకు ప్రతి బ్యాచ్‌లోనూ తగులుతారు. “నా సంగతంటారా, ఉనగి” అని చదివితే గొడవే లేదు.

3. ‘ఎవరు’, ‘ఏది’, ‘ఏంటి’ ముందుకొస్తే ‘గ’

“ఎవరంటారా, వచ్చారు?” ఇది వాక్యమే కాదు. తెలియని మనిషి గురించి మాట ఎలా మొదలుపెడతాం? కాబట్టి “దరె గ కిమషిత క?” అనే అనాలి. “దరె వ” తప్పు. ప్రశ్నలో ‘గ’ ఉంటే జవాబులోనూ ‘గ’నే: “రవి గ కిమషిత.”

తెలుగులో దీన్ని పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. వాక్యాన్ని తిరగేసి “వచ్చింది రవి” అనో, ఒక ‘ఏ’ తగిలించి “రవే వచ్చాడు” అనో అనగలిగితే అది ‘గ’.

జాగ్రత్త: ప్రశ్న మాట ఉన్నంత మాత్రాన ‘గ’ కాదు. “రవి అంటే ఎవరు?” అన్నది “రవి వ దరె దెసు క?” అవుతుంది. ఇక్కడ మాట రవి గురించే, ‘ఎవరు’ వెనకాల ఉంది.

పరిచయాల్లో దీంతో దెబ్బ తింటారు. “వతషి వ రవి దెసు” అంటే “నేను రవిని”. “వతషి గ రవి దెసు” అంటే “రవిని నేనే”. ఇంటర్వ్యూ గది బయట నలుగురు కూర్చుని ఉంటే, ఒకాయన వచ్చి “మీలో రవి ఎవరు?” అన్నప్పుడు రెండోది సరైన మాట. ఎవరూ అడక్కుండా లోపలికెళ్ళి రెండోది అన్నారంటే, సినిమాలో హీరో ఎంట్రీలా ఉంటుంది.

4. కళ్ళకి ఇప్పుడే కనబడినదానికి ‘గ’

కిటికీ తీశారు. “అరె, వాన పడుతోంది!” దీనికి ముందు వాన గురించి మాటే లేదు. “అమె గ ఫుత్తె ఇమసు.” బస్టాపులో “బస్సొచ్చింది!” అంటే “బసు గ కిమషిత.” అదే “బసు వ కిమషిత” అన్నారనుకోండి, “బస్సైతే వచ్చింది, మనవాడే ఇంకా రాలేదు” అన్నట్టు వినబడుతుంది.

కథ మొదట్లో కూడా ఇంతే. కొత్త మనిషి ‘గ’తో వస్తాడు, రెండో వాక్యం నుంచి ‘వ’తో నడుస్తాడు. జపాన్ పిల్లలందరికీ తెలిసిన మొమొతరో కథ ఇలా మొదలవుతుంది: “ముకషి ముకషి, ఒజీసన్ తొ ఒబాసన్ గ ఇమషిత.” అనగనగా ఒక తాత, ఒక అవ్వ ఉండేవాళ్ళు. ఆ వెంటనే “ఒజీసన్ వ యమ ఎ...”, “ఒబాసన్ వ కవ ఎ...”. తాతేమో కొండకి కట్టెలకి, అవ్వేమో ఏటికి బట్టలుతకడానికి. మనం ‘ఒక రాజు’ అని మొదలుపెట్టి తర్వాత ‘ఆ రాజు’ అంటామే, అదే పద్ధతి. ‘ఒక’ పడే చోట ‘గ’, ‘ఆ’ పడే చోట ‘వ’ అని గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

5. ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు: ఇక్కడ మనమే లక్కీ

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఇక్కడ నెలల తరబడి తంటాలు పడతారు. వాళ్ళకి ఇష్టపడటం మనిషి చేసే పని. మనకి “నాకు సుషి ఇష్టం”. ఇందులో సుషికి ‘ని’ తగలదు. జపనీస్ అచ్చంగా అంతే: “వతషి వ సుషి గ సుకి దెసు.”

ఈ జాబితా గోడకి అంటించుకోండి:

• ఇష్టం: సుషి గ సుకి దెసు
• అర్థమవుతుంది: నిహొంగొ గ వకరిమసు
• కావాలి: ఒకనె గ హొషీ దెసు
• కనిపిస్తోంది: ఫుజిసన్ గ మియెమసు
• తల నొప్పిగా ఉంది: అతమ గ ఇతై దెసు

తెలుగులో ‘నాకు’ అనే చోట ‘వతషి వ’, ఆ పక్కన ఏ ప్రత్యయమూ లేని మాటకి ‘గ’. జపనీస్ పాఠాల్లో పదే పదే కనిపించే “జో వ హన గ నగై” కూడా ఈ బాపతే. మాటకి మాట పెడితే ‘ఏనుగు, ముక్కు, పొడుగు’. “ఏనుగుకి తొండం పొడుగు” అంటే అయిపోయింది. వ్యాకరణ పండితులు దీని మీద చాలా వాదించుకున్నారు. మికమి అకిర అనే ఆయన ఈ వాక్యాన్నే పేరుగా పెట్టి 1960లో ఒక పుస్తకమే రాశారు. మనకి మాత్రం “అక్కకి జుట్టు పొడుగు” అన్నంత మామూలు సంగతి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే: ఇంగ్లీషులో ఆలోచించి “సుషి ఒ సుకి దెసు” అని రాయడం (ఈ ‘ఒ’ మన ‘ని’ లాంటిది). నేరుగా తెలుగులోంచి వెళ్ళండి.

6. వాక్యం లోపల ఇంకో వాక్యం ఉంటే, లోపలి కర్తకి ‘గ’

“అమ్మ చేసిన కూర” అనగలం. “అమ్మ అంటారా చేసిన కూర” అనలేం. అందుకే “హహ గ త్సుకుత్త కరే”. ‘చేసిన’, ‘వచ్చినప్పుడు’, ‘వస్తే’ లాంటివి కనబడితే వాటి కర్త పక్కన పెన్నుతో ‘గ’ అని రాసేయండి.

ఇది ఎందుకు ముఖ్యమో ఈ రెండూ చూస్తే తెలుస్తుంది:

“చిచి గ కఎత్త తొకి, దెంకి ఒ త్సుకెత.”
“చిచి వ కఎత్త తొకి, దెంకి ఒ త్సుకెత.”

మొదటిది: నాన్న ఇంటికొచ్చినప్పుడు లైటేశాను. రెండోది: నాన్న ఇంటికొచ్చినప్పుడు లైటేశాడు. తెలుగులో ఎవరు వేశారో ‘శాను’, ‘శాడు’ చెప్పేస్తాయి. జపనీస్ క్రియకి ఆ తోక లేదు. ఆ పని ఇక్కడ ‘వ’, ‘గ’ చేస్తున్నాయి. ‘గ’ దగ్గర్లో ఉన్న క్రియ దాకా పోయి ఆగిపోతుంది. ‘వ’ వాక్యం చివరిదాకా పోతుంది. జేఎల్‌పీటీలో ముక్కలు సర్ది, నక్షత్రం గుర్తున్న ఖాళీలో ఏది వస్తుందో చెప్పమనే ప్రశ్నల్లో ఈ ఒక్క సంగతితో చాలావరకు గట్టెక్కొచ్చు.

7. ‘వ’ గుచ్చుకుంటుందేమో చూసుకోండి

‘వ’కి రెండో మొహం ఉంది. అదే ‘అయితే’, ‘మాత్రం’. “కోహీ వ నొమిమసు గ, ఒచ వ నొమిమసెన్.” కాఫీ అయితే తాగుతాను గానీ టీ మాత్రం తాగను. (మధ్యలో క్రియ తర్వాత వచ్చిన ‘గ’ వేరే ‘గ’. అది మన ‘గానీ’. దాన్ని కర్త గుర్తు అనుకోకండి.)

పోలిక కావాలని పెడితే మంచిదే. తెలియక పెడితేనే చిక్కు. నేను నేర్చుకునే రోజుల్లో మా టీచరమ్మ ఓ ఆదివారం భోజనానికి పిలిచారు. బల్ల మీద నాలుగు రకాలు పెట్టారు. నేను ఒకటి రుచి చూసి, పాఠం అప్పజెప్పినట్టు “కొరె వ ఒయిషీ దెసు!” అన్నా. ఆవిడ నవ్వి, “జా, హొక నొ వ?” అన్నారు. “మరి మిగతావి?” అని. నేనన్నది “ఇదైతే బాగుంది” అన్నమాట. మా అమ్మ ముందు అలా అని ఉంటే గరిటె తిరగేసేది. ‘కొరె వ’ తీసేసి “ఒయిషీ దెసు నె” అంటే సరిపోయేది.

అలాగే “క్యో వ కిరే దెసు నె” అని ఎవరితోనూ అనకండి. “ఈ రోజు మాత్రం అందంగా ఉన్నారు” అన్నట్టు. నిన్నటి సంగతేంటి మరి?

పరీక్ష: వాక్యంలో ‘మాత్రం’ పెట్టి చదవండి. మీ ఉద్దేశం అదే అయితే ‘వ’ ఉంచండి. చదవగానే “అయ్యో, నా ఉద్దేశం అది కాదు” అనిపిస్తే, ఆ మాటనే ఎత్తేయండి.

8. మిగతా ప్రత్యయాలతో కలపడం

ఇది చిన్న మెట్టు. ‘గ’, ‘ఒ’ ఉన్న చోట ‘వ’ వస్తే అవి తప్పుకుంటాయి: “కోహీ ఒ” కాస్తా “కోహీ వ” అవుతుంది. ‘గ వ’, ‘ఒ వ’ అని రాయకూడదు. జపనీస్ ‘ని’ (మన ‘కి’), ‘దె’ (‘లో’), ‘కర’ (‘నుంచి’) మాత్రం ఉండిపోతాయి: “ఇందొ దె వ” అంటే “ఇండియాలో అయితే”. ‘కూడా’ అనాలంటే ‘మొ’. అది వచ్చినప్పుడు ‘వ’, ‘గ’ రెండూ ఉండవు: “రవి మొ కిమషిత.” రవీ వచ్చాడు.

9. ఇప్పుడు కొట్టివేతలు

రెండో రంగు పెన్ను తీసుకోండి. రెండో వాక్యం నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ‘వతషి వ’లన్నీ కొట్టేయండి. తెలుగులో “నేను లేచాను, నేను టిఫిన్ చేశాను, నేను ఆఫీసుకెళ్ళాను” అని ఎవరంటారు? ఒకసారి చెప్పాక మాట ఎవరి గురించో అందరికీ తెలుసు. వేరేవాళ్ళ గురించి మాట మారినప్పుడే మళ్ళీ ‘వ’.

కొట్టేయడానికి భయపడేవాళ్ళకి ప్రత్యామ్నాయం: పేరాకి ఒక్కటి ఉంచుకోండి. తర్వాత అదీ అలవాటవుతుంది.

తరచూ చేసే తప్పులు

పరీక్ష పేపర్లలో నాకు ఎక్కువగా కనబడేది ‘అన్నిటికీ వ’ జబ్బు. మొదటి పాఠంలో “వతషి వ” నేర్పుతారు, అది అక్కడే అతుక్కుపోతుంది. రెండో రకం దీనికి తిరగమర: ‘గ’ అంటే కర్త అని వినగానే కనబడిన కర్తకల్లా ‘గ’ పెట్టేస్తారు. “వతషి గ గకుసెయి దెసు” అని రాసినవాడు “స్టూడెంట్‌ని నేనే, మీరెవరూ కాదు” అని పోట్లాడుతున్నట్టుంటుంది.

ఇక కొరియన్ సీరియల్స్ చూసి ఆ భాష కూడా మొదలుపెట్టినవాళ్ళకి: అక్కడ ‘ఉన్/నున్’ సుమారుగా ‘వ’ చేసే పని, ‘ఇ/గ’ సుమారుగా ‘గ’ చేసే పని చేస్తాయి. కానీ ఒకటికి ఒకటి పెట్టేయకండి. “మీ పేరేంటి?” అని అడగడానికి జపనీస్‌లో పేరు పక్కన ‘వ’ వస్తుంది, కొరియన్‌లో మామూలుగా ‘ఇ’ వస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ముందు తారుమారు పరీక్ష. మీ వాక్యంలో ‘వ’ తీసి ‘గ’ పెట్టండి, లేదా ‘గ’ తీసి ‘వ’. అర్థం ఎలా మారిందో తెలుగులో గట్టిగా చెప్పండి. చెప్పలేకపోతే, మీరు పెట్టినది సరైనదే అయినా గుడ్డిగా పెట్టారన్నమాట. మళ్ళీ మొదటి మెట్టుకి వెళ్ళండి.

తర్వాత పిల్లల కథ ఏదైనా తీసుకుని ‘వ’, ‘గ’ల మీద చిన్న కాగితం ముక్కలు అంటించి, ఊహించి, తీసి చూసుకోండి. తప్పు పోయిన చోట పుస్తకాన్ని నమ్మి, అక్కడ ప్రశ్న ఏమై ఉంటుందో ఆలోచించండి.

ఆఖరిది నా క్లాసులో అందరి చేతా చేయించేది. ఏడు చేపల కథ. జపనీస్ మాటలు రాకపోయినా పర్వాలేదు. తెలుగు మాటల పక్కనే ‘వ’, ‘గ’ రాయండి. ఈ కథ ఇందుకోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఒక జవాబులో కొత్తగా వచ్చినవాడి గురించే తర్వాతి ప్రశ్న. చేప ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది? ఆవు మేయలేదు. చివరిదాకా మీరే చేసి, అప్పుడు కింద చూడండి.

జవాబులు: చేప వ, గడ్డిమోపు గ. గడ్డిమోపు వ, ఆవు గ. జపనీస్‌లో “ఉషి గ తబెనకత్త” (ఆవు మేయలేదు), వెంటనే “ఉషి వ దోషితె తబెనకత్త నొ?” (ఆవు ఎందుకు మేయలేదు?). అలా ప్రతివాడూ ‘గ’తో లోపలికొచ్చి, ‘వ’తో నిలదీయబడి, నేరం పక్కవాడి మీదకి తోసి వెళ్ళిపోతాడు. పిల్లాడు ఎందుకు ఏడ్చాడు? చీమ గ కుట్టింది. చీమ వ ఎందుకు కుట్టింది?

“నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?”

ఇక్కడ ‘వ’ రాసినవాళ్ళు తొమ్మిదో మెట్టు మళ్ళీ చదవండి. చీమ ‘నేను’ అనే అనలేదు.